నాలుగో టైరు

మూతబడ్డ ఆసుపత్రి ముందు మా ఊరావిడ ఓపల్ తన జింకల వేట తుపాకీ పేల్చింది. అంబులెన్సు ముందు టైరు బద్దలై రబ్బరు ముక్కలు మా మొహాలకి కొట్టాయి. డ్రైవరు కిందికి దూకి బురదలో బోర్లాపడ్డాడు.

కెంటకీ కొండల్లో మా ఊళ్ళన్నిటికీ మిగిలిన ఆ ఒక్క బండినీ ఆ పొద్దున పట్నానికి పట్టుకుపోతున్నారు.

రెండో టైరు పేలింది. మూడోదీ పోయింది. మా మీద వార్త చేద్దామని వచ్చిన టీవీ అమ్మాయి కారు వెనక నక్కి, "ఈ కొండవాళ్ళకి నోటికంటే ముందు తుపాకీ లేస్తుంది," అని మైకులో చెబుతోంది.

డిప్యూటీ షెరీఫ్ రాండల్ జీపు దిగాడు. ఓపల్ చేతులు వెనక్కి విరిచి, బానెట్ మీద బోర్లా నొక్కి బేడీలు వేశాడు. ఆమె పెదవి చిట్లి రక్తం కారింది.

"నాలుగోది వదిలేశావేం అత్తా?" అన్నాడు మెల్లగా.

"గుళ్ళు అయిపోయాయిరా. టైర్లు మళ్ళీ వేసుకోవచ్చు. బండి పోతే మళ్ళీ రాదు."

"థాంక్స్ ఆఫీసర్," అంది టీవీ అమ్మాయి, ధైర్యం తెచ్చుకుని ముందుకొస్తూ. "ఇంత పిచ్చేమిటి ఈవిడకి?"

రాండల్ పిస్తోలు తీసి నాలుగో టైరుని కాల్చాడు.

"ఇది కూడా చూపించండి మేడమ్," అన్నాడు. "మా ఆవిడకి నెలలు నిండాయి."