మోతీని అడిగిన మనిషి

మధ్యాహ్నం పన్నెండు గంటలకు మోతీని కాల్చేయాలని ఆర్డరు.

ఉదయం తొమ్మిదికే ఒక ముసలాయన రిసాలా ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాడు. బోయిగూడ నుంచి బోయిన్‌పల్లి దాకా నడిచి వచ్చినట్టున్నాడు. మోకాళ్ల వరకూ దుమ్ము.

పోలీసు చర్య జరిగి నెల దాటింది. ఈ రిసాలాను, అంటే నిజాం కాలపు గుర్రపు దళాన్ని, మూసేస్తున్నారు. మంచి గుర్రాలు వేరే దళానికి పోతాయి. ముసలివాటిని, కుంటివాటిని కాల్చేస్తారు. మోతీకి ఇరవై రెండేళ్లు. ముందుకాలు కుంటి.

"ఏంది బడేమియా?" గుమాస్తా సదాశివ తల ఎత్తకుండా అడిగాడు.

అతను ఈ ఆఫీసుకు వచ్చి పది రోజులే అయింది. ముప్పై ఏళ్ల కిందటి పెద్ద యుద్ధంలో ఈ దళం చేసిన సేవంతా చరిత్రగా రాసి సాయంత్రానికి పంపాలి.

"నా పేరు ఇమామ్ సార్. మోతీని నాకిస్తే తీస్కపోత."

"అది టాంగాకు సుత పనికిరాదు."

"పనికి కాదు సార్. ఇంటెనుక జాగ ఉన్నది. ఊకె నిలబడి గడ్డి తింటది."

కొత్తగా చేరిన ప్యూను పేతురు నవ్వాడు. "మనుషులకే జొన్నలు దొర్కుతలేవు. దానికేం పెడ్తవు తాతా?"

"దానికి పండ్లు పోయినయి, నాకు సుత పోయినయి. ఇద్దరికీ గంజే."

సదాశివకూ నవ్వొచ్చింది. కలం కింద పెట్టాడు.

"జెర ఇనుండ్రి. ఈ దళంలో సవారుగా గుర్రమెక్కి యుద్ధానికి పోయినోళ్లు అడిగితే ఇయ్యొచ్చని ఆర్డరుంది. వేరేవాళ్లకు ఇయ్యరాదు. మీరు లడాయికి పోయిండ్రా?"

"పోయిన."

"సవారేనా?"

ముసలాయన గుర్రాల లాయం వైపు చూశాడు.

"కాదు సార్. సైసును. గుర్రాలకు నీళ్లు పెట్టి, మాలీసు చేసేటోణ్ణి."

సదాశివకు జాలేసింది. సైసైనా సరే, పుస్తకంలో పేరుంటే పెద్దసాబును బతిమాలుకోవచ్చు. బీరువాలోంచి యుద్ధం నాటి సైసుల పుస్తకం తీశాడు. మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

ఇమామ్ అనే పేరు లేదు.

"రాసిన్రో లేదో సార్. నాకు సదువు రాదు."

"సాబులందరు కొత్తోళ్లు. పేరు లేకుంట గుర్రాన్ని ఇచ్చిన్నంటే నా నౌకరి పోతది బడేమియా."

"వద్దు సార్. మీకు తక్లీఫ్ కావొద్దు." ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. "ఒక్కటి అడుగుత. ఆఖరుకు దాన్ని నేను పట్టుకుంట. కొత్తోళ్లు పట్టుకుంటే బెదురుతది."

దానికి ఆర్డరు అక్కర్లేదు.

కిటికీలోంచి సదాశివ చూశాడు. ముసలాయన ముందు మోతీకి నీళ్లు తాగించాడు. కాళ్ల నుంచి మెడ దాకా గడ్డితో రుద్దాడు. గిట్టలు ఒక్కొక్కటీ ఎత్తి మట్టి తీశాడు. తర్వాత తన తలగుడ్డ విప్పి దాని కళ్లకు కట్టి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

తుపాకీ పేలింది.

పేతురు తిరిగొచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"పక్కకు జరుగమంటే జరుగలే సార్. చెవిల మాట్లాడుకుంటనే ఉన్నడు."

ముసలాయన గేటు దగ్గర ఆగి ఆఫీసు వైపు ఒక సలాం పెట్టి వెళ్లిపోయాడు.

మూడు గంటలకు దేవానందం వచ్చాడు. ఆ యుద్ధంలో పోరాడిన సవారు. చరిత్రలో తప్పులుంటే దిద్దడానికి పిలిపించారు. సదాశివ చదివి వినిపించాడు.

"వాగు దాటుతుండగా దేవానందం తొడకు గుండు తగిలింది. గుర్రం చనిపోయింది. అయినా అతను దళాన్ని చేరుకున్నాడు. సరేనా?"

"ఎట్ల చేరుకున్ననో లేదు గద బిడ్డా."

"చెప్పుండ్రి, రాస్త."

"పక్కన పోయే సవారు దిగిండు. తన గుర్రం మీద నన్ను పండబెట్టి, జీనుకు కట్టి తోలిండు. తను గుండ్ల నడుమ నడిచొచ్చిండు. రెండు దినాలు పట్టింది."

"ఆయన గుర్రం?"

"నన్ను దించంగనే పడి సచ్చింది." దేవానందం తొడ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా రిసాలాల ఎవరి గుర్రం వాళ్లే తెచ్చుకోవాలె. గుర్రం లేనోడు సవారు కాదు. ఆయనకు ఇంకోటి తెచ్చే తాహతు లేదు. ఇంటికి పొమ్మన్నరు. పోలే. లడాయి ఇంక నెల రోజులుందనంగ బకెట్ పట్టుకొని సైసు పని షురూ చేసిండు. సైసుల పుస్తకంల పేరు ఎవ్వరు రాయలే. మొన్న మొన్నటిదాంక అదే పని."

"సవారునని ఎన్నడూ చెప్పుకోలేదా?"

"గుర్రం లేకుంట ఎట్ల చెప్పుకుంట, అబద్ధమైతది గద అంటడు. గిదే మాట ముప్పై ఏండ్ల సంది."

సదాశివ సైసుల పుస్తకం వైపు చూశాడు.

"మోతీ పుట్టినప్పుడు తల్లి సస్తే, గుడ్డ ముంచి పాలు పట్టిచ్చిండు. ఇయ్యాల వచ్చి తీస్కపోతనన్నడు. తీస్కపోయిండా?"

సదాశివ లేచి, పొద్దున తను ముట్టుకోని సవార్ల పుస్తకం తెరిచాడు.

మొదటి పేజీ మొదటి వరసలో, దళం పెట్టిన రోజున అందరికంటే ముందు తనంతట తాను సొంత గుర్రంతో వచ్చి చేరిన సవారుగా, బోయిగూడ ఇమామ్ వేలిముద్ర ఉంది.