నడుమెత్తు బల్ల

రిటైరయ్యాక భవానీప్రసాద్ కారును వీధిలో పెట్టి, షెడ్డును చెక్కపనికి కేటాయించుకున్నాడు. జగ్గయ్యపేట ఎండకు ఆ రేకుల కింద నిలవడం కష్టం. ఉపాయాలన్నీ భార్య ప్రమీలారాణే చెప్పింది.

"రేకులకి సున్నం కొట్టించండి. వేడిగాలి పోడానికి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. కూలరుకి నీళ్లు మోయలేరు, లోపలే కుళాయి ఉండాలి. బల్ల మీద నాపరాయి వేయిస్తే చల్లగా ఉంటుంది."

బల్ల ఎంత ఎత్తుండాలో తనే నిలబడి చూపించింది.

తన చెక్కపని మీద ఆమెకెంత శ్రద్ధో నందిగామలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు.

పనంతా పూర్తయిన మర్నాడు స్నానం చేసి షెడ్డులోకి వెళ్లేసరికి, బల్ల మీద గ్యాస్ పొయ్యి వెలుగుతోంది. ప్రమీలారాణి పప్పుకి పోపు పెడుతోంది.

"మీ రంపాలూ ఉలులూ వంటింట్లో సర్దేసానండి," అంది. "అక్కడ కాస్త ఉక్కపోస్తుంది. అలవాటైపోతుంది లెండి. నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది."