డాక్టరు గారి ఫీజు

“వందా? కళ్ళు కడిగినందుకు వంద రూపాయలా?” పొదిలి ఆసుపత్రి గదిలో బుల్లయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఇంతెత్తున లేచాడు.

తన కారం మిల్లులో బస్తా పిగిలి పొడంతా మొహాన పడితే, “నా కళ్ళు పోయాయిరో” అని వీధంతా వినపడేలా అరుస్తూ వచ్చిన మనిషి ఇతనే. నర్సు నాజియా ఓపిగ్గా సెలైన్ పోసి కడిగింది, రెప్పలు తిరగేసి చూసింది, మందు వేసింది. మంట తగ్గగానే బుల్లయ్యకు నోరొచ్చింది.

“కడిగినందుకు కాదండీ, చూసినందుకు. నేను నర్స్ ప్రాక్టీషనర్ని.”

“ప్రాక్టీసా? నా కళ్ళ మీదా?”

“రోగుల్ని చూసి మందివ్వడానికే పైచదువు చదివానండీ బాబాయి గారూ. నా ఫీజు రాకపోతే ఈ గదే ఎత్తేస్తామంటున్నారు మా ఆసుపత్రి వాళ్ళు.”

“సిస్టరంటే సేవమ్మా! సేవకి రేటేంది? అదే డాక్టరు చూస్తే ఐదొందలైనా పారేస్తా.”

సేవ అనేటప్పుడు బుల్లయ్య గొంతులో భక్తి పొంగింది. మిల్లులో పావుకిలో కారం కూడా ఎవరికీ ఊరికే ఇచ్చిన పాపాన పోలేదు.

నాజియాకు ఒళ్ళు మండింది. “సరే, డాక్టరు గారు ఒంగోల్లో ఉన్నారు. వీడియోలో చూస్తారు” అంటూ ట్యాబ్‌లో వీడియో కాల్ పెట్టి బుల్లయ్య ముందు నిలబెట్టింది. “మందు వల్ల కాసేపు మసగ్గా కనిపిస్తుంది, కంగారుపడకండి. నెట్ నెమ్మదిగా ఉంది, చూసొస్తా.”

బుల్లయ్య ముందుకు వంగాడు. తెర మీద మసకమసగ్గా ఓ పెద్దమనిషి. నెరిసిన మీసం, గంభీరమైన మొహం. బుల్లయ్యకు ప్రాణం లేచొచ్చింది.

“అయ్యా, చూపుకేం ఢోకా లేదు గదా?”

పెద్దమనిషి తల ఊపాడు.

“ఆ అమ్మాయి వేసిన మందే వాడనా?”

మళ్ళీ ఊపాడు.

నాజియా తిరిగొచ్చేసరికి బుల్లయ్య ఐదొందల నోటు తీసి సిద్ధంగా ఉన్నాడు. “ఇదిగో, డాక్టరు గారికియ్యి. మాటలు తక్కువగానీ ఏం అనుభవం! నీలాగా రెప్పలు పీకలేదు, చెయ్యన్నా వెయ్యలేదు. ఒక్క చూపుతో తేల్చేశాడు.”

నాజియా తెర వైపు చూసింది. “కాల్ ఇంకా కలవనే లేదండీ. అందులో కనపడేది మీ మొహమే.”

బుల్లయ్య తెరలోకి ఇంకోసారి తొంగిచూశాడు. నోటు మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు.

“అయితే ఫీజు నాకే రావాల. చూసింది నేనేగా!”