మనిషే రావాలె

"మలేసియా వీసా వచ్చింది. ఇగ పదేండ్లు సికింద్రాబాద్ దిక్కు చూడ," అంటూ రిటైర్డ్ మేనేజర్ హరికిషన్ తన పాత బ్యాంకులో పెన్షన్ కౌంటర్ మీద పాస్‌పోర్టు పెట్టాడు. "బతికున్నట్టు సర్టిఫికెట్ ఏటా పోస్టుల పంపిస్తా."

"కుదరదు సార్. నవంబర్ల మనిషే రావాలె," అంది క్లర్కు కల్పలత.

"ఊరంతా కంప్యూటర్లొచ్చినా గీ రూలేంది? ఎవడు పెట్టిండు?"

కల్పలత గోడ మీది పాత నోటీసు చూపించింది. కింద ఆయన సంతకమే ఉంది.

అప్పుడే, బతికున్నట్టు సంతకం పెట్టేందుకు, కాళ్లు పడిపోయిన లచ్చమ్మను బొల్లారం నుంచి ఇద్దరు మోసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె తన పక్కనున్న సంచి తీసి హరికిషన్‌కు చోటిచ్చింది.

"కూసో సారూ. నన్ను మొదటిపారి మోసుకొచ్చిన నాడు నువ్వే అంటివి గద, ఏడాదికొక్కపారి వచ్చుడు గూడ తక్లీఫేనా అని."