దిగి నడువమ్మా

నా భార్య కినుయేని ఫుట్‌పాత్ మీదే ఒక సైకిలు గుద్దింది. తుంటి విరిగింది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం మా వీధి మొదట్లో నిలబడి, సైకిలెక్కి వచ్చేవాళ్ళని దింపుతున్నాను.

ఆ రోజు ఎవరో కొత్తమ్మాయి గంట కొట్టుకుంటూ వచ్చింది. ముందు చక్రానికి నా చేతికర్ర అడ్డం పెట్టాను.

"కాస్త పోనివ్వండి తాతగారూ. రోడ్డు మీద అన్నీ లారీలే. ఒక పెద్దావిడ నా కోసం చూస్తుంటారు."

"అందరి కోసం ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. దిగి నడువమ్మా, కాళ్ళేం అరిగిపోవు."

"క్షమించండి" అని తల వంచి దిగింది. నేను వదలగానే ఎక్కేస్తుందని నాకు తెలుసు. అందుకే ఇరుకు ఫుట్‌పాత్ మీద ఆమెకు ముందు నేను నడిచాను, నా ముసలి నడకతోనే.

మా గేటు దగ్గర ఆగి "ఇక వెళ్ళు" అన్నాను. ఆమె వెళ్ళలేదు. చేతిలోని చీటీనీ గేటు మీది మా ఇంటిపేరునూ చూసుకుని, సైకిలుకు స్టాండు వేసింది.

"రోజూ మీ ఇంటికొచ్చే ఆయాకి జ్వరమండీ. బదులు నన్ను పంపారు."

కినుయేని మూడింటికి మరుగుదొడ్డికి తీసుకెళ్ళాలి. లేపడం నా నడుము వల్ల కాదు. మేం వెళ్ళేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్క తడిసిపోయింది.

"ఆలస్యమైందమ్మా. దారిలో సైకిలు పాడైంది" అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండా.

పని ముగించి ఇంకో ఇంటికి బయల్దేరింది. సైకిలెక్కలేదు, నడిపించుకుంటూనే వెళ్ళింది. ఎక్కమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.