కళ్లు తెరిచిన బాతు

పొగమంచు కమ్ముకునే ఓ చెరువులో, తూటికాడల మధ్య మెలికలు తిరిగే దారిన, ముసలి తాబేలు రోజూ తెల్లారగానే వానదేవుణ్ణి తలుచుకుని అవతలి గట్టున రెక్కలు విరిగి పడున్న పక్షులకు మేత మోసుకెళ్లేది. ఆ చెరువులోని బాతులన్నీ పాట పాడుతూ, భక్తిగా కళ్లు మూసుకుని ఆమె వెనకే ఈదేవి. మధ్యలో కళ్లు తెరిస్తే అపచారమని ఆమే నేర్పింది.

ఒకనాడు తాబేలుకు చూపు పూర్తిగా మసకబారింది. అవతల పక్షులు ఆకలితో ఎదురుచూస్తున్నాయి.

"దారి ఎవరికి తెలుసర్రా?" అంది.

 నడివయసు బాతు ఒకటి తలదించుకుంది. "నాకు తెలుసవ్వా. అప్పుడప్పుడూ కళ్లు తెరిచాను. తప్పే."

తాబేలు గుండెల మీది బరువు దిగిపోయింది. "తప్పు నాది తల్లీ. నువ్వు ముందు నడువు."

మిగతా బాతులన్నిటినీ కళ్లు తెరవమని చెప్పి, అందరికంటే వెనక చేరి, తాను కళ్లు మూసుకుని పాట అందుకుంది.