రేచీకటి మాత్ర

నలభై దాటిన వాళ్ళందరూ ఆ మాత్ర మింగుతున్నారు. అది కంట్లో ఎ విటమిన్ వాడకాన్ని తగ్గించి, దాన్నుంచి పేరుకునే మలినాన్ని ఆపి, ముసలితనంలో చూపు పోకుండా కాపాడుతుంది. కాకపోతే వెలుగులోంచి చీకట్లోకి వెళ్తే చాలాసేపు ఏమీ కనిపించదు. అందుకే ఊళ్ళో రాత్రిపూట వీధి దీపాలు ఆర్పడం మానేశారు. రాత్రుళ్ళు చేపల వేటకెళ్ళే ఎల్లాజీ మాత్రం తనకొద్దన్నాడు.

ఆ ఉదయం అతను వల విసిరికొట్టి, భార్య పైడమ్మ ముందు కూలబడ్డాడు.

"మా అయ్య గుడ్డితనం నాకూ వచ్చీసిందే. రాత్రి పక్క నావ కూడా కనపళ్ళేదు. నావ అమ్మీసి ఇంట్లో కూకుంటాను."

పైడమ్మ అతని మోకాలు పట్టుకుంది. "నీ కళ్ళు బాగానే ఉన్నాయి మావా. మాత్ర నానే నీ గంజిలో కలుపుతున్నాను. మీ అయ్యలాగ తడుంకుంటూ బతక్కూడదని..."

ఎల్లాజీ ముఖం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత ఆమె చేతిని నెమ్మదిగా తీసేశాడు.

"రేపట్నించి నా గంజి నానే కాసుకుంటాను."